పరాయి గడ్డపై జబ్బు పడినచో ఏ తలుపు తట్టవలెను?

మన పల్లెలలో జ్వరము వచ్చినవాడు తన వైద్యమును గూర్చి తానొక్కడే ఆలోచించుకొనడు. నుదుటిమీద చేయి వేసి చూచునది తల్లి. మిరియాల కషాయము కాచునది అమ్మమ్మ. "ఇక ఆలస్యము చేయక పట్నము తీసికొనిపొండు" అని హెచ్చరించునది ప్రక్కింటి పెద్దాయన. ఏ డాక్టరు హస్తవాసి మంచిదో చెప్పునది మందుల దుకాణము వాడు. ఇంతమంది కూడి చేసిన తీర్మానమునకు తలయూచుట తప్ప రోగికి వేరు పని యుండదు.

పరదేశములో ఈ సభ కూడదు. అద్దె గదిలో ఒంటరిగా పడుకొనియున్న విద్యార్థికిని, పనివారి వసతిలో దుప్పటి కప్పుకొని వణకుచున్న కూలివానికిని, కొడుకును చూడబోయి రొమ్ము పట్టుకొని కూర్చుండిన తండ్రికిని మొదట ఎదురగు ప్రశ్న మందేది అనునది కాదు. ఎక్కడికి పోవలెను అనునది. పేటలోని వైద్యుని కడకా, పెద్ద ఆసుపత్రికా, స్వదేశమునకా? ఇప్పుడా, తెల్లవారిన తరువాతనా? శరీరము మిక్కిలి బలహీనమైన వేళలో మనస్సు మిక్కిలి బరువైన నిర్ణయము చేయవలసివచ్చును.

ఈ చిక్కు నేడు పుట్టినది కాదు. సముద్రము దాటిన భారతీయులలో సుప్రసిద్ధులు సైతము దీనిలో పడిరి. వారిలో ముగ్గురి అనుభవములను పరికించినచో నేడు విమానమెక్కు యువకులకు పనికివచ్చు సంగతులు కొన్ని బోధపడగలవు.

రెండేండ్లలో ఐదు చోట్లు

శ్రీనివాస రామానుజన్ 1914 మార్చి 17వ తేదీన మదరాసు రేవులో 'నెవాసా' అను ఓడ నెక్కి ఏప్రిల్ నెలలో లండను చేరిరి. అప్పుడాయన వయస్సు 26 ఏండ్లు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో గణితవేత్త హార్డీతో కలిసి పరిశోధన మొదలు పెట్టిరి. నాలుగు నెలలు గడువకమునుపే మొదటి ప్రపంచయుద్ధము వచ్చిపడెను. రామానుజన్ నిష్ఠగల శాకాహారి. కళాశాల భోజనశాలలో తినక తన గదిలోనే వండుకొనెడివారు. యుద్ధము ముదిరినకొలది ఆయన తినదగిన పదార్థములు దొరకుట కష్టమయ్యెను. లెక్కలలో మునిగినప్పుడు ఆకలి, నిద్ర రెండును ఆయనకు గుర్తుండెడివి కావు.

1917 వసంతకాలమున ఆయన జబ్బు పడిరి. తొలుత కేంబ్రిడ్జిలోనే ఒక నర్సింగు హోములో చేర్చిరి. కడుపులో పుండని మొదట అనుమానము. పిదప క్షయ యను నిర్ధారణ. అంతట సోమర్సెట్ ప్రాంతమున వెల్స్ పట్టణము దాపున మెండిప్ కొండలలోనున్న క్షయచికిత్సాలయమునకు పంపిరి. దాని అధిపతి డాక్టరు చౌరి ముత్తు మన దేశమువాడే. 1914లో రామానుజన్ ఎక్కిన ఓడలోనే ఆయనయు ప్రయాణము చేసెను. పరాయి నేలపై స్వదేశీయుడైన వైద్యుడు దొరకుట భాగ్యమని ఎవరికైనను తోచును. అయినను ఆ భాగ్యము ఎంతోకాలము నిలువలేదు. ఆనాటి క్షయచికిత్సలో ముఖ్యమైనది చల్లని బయటిగాలి. కిటికీలు బార్లా తెరచిన గదిలో, నిప్పుకాగు భాగ్యము కూడ లేక, కావేరీతీరమున పెరిగిన ఆ శరీరము చలికి వణకిపోయెను.

1917 ముగియకమునుపే ఆయన డెర్బీషైరులోని మాట్లాక్ చికిత్సాలయమునకు మారిరి. అక్కడ ఇంచుమించు ఒక సంవత్సరము గడచెను. తిండి సయించలేదు, మాటలాడ తోడు లేదు. ఇంటికి ఉత్తరములు వ్రాయుట కూడ ఆయన మానినట్లు హార్డీకి ఆలస్యముగా తెలిసెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, ట్రినిటీ ఫెలో పదవియును లభించెను; ఆ రెండు గౌరవములును రోగశయ్యమీదనే ఆయనను చేరెను. ఆ ఏడాది చివర లండనులోని మరియొక ఆసుపత్రికి, అక్కడినుండి పుట్నీలోని నర్సింగు హోమునకు మార్చిరి. బడిపిల్లలెల్లరు నెరిగిన 1729 సంఖ్య కథ ఆ పుట్నీ మంచముకడ జరిగినదే.

1917 మే నుండి 1919 ఫిబ్రవరి వరకు లెక్కించినచో రెండేండ్లు నిండలేదు. ఈలోపల ఐదు చోట్లు. ఒక్కొక్క వైద్యుడు ఆ వ్యాధిలో ఒక్కొక్క తునకను చూచెను. మొదటినుండి తుదివరకు మొత్తము కథను చూచిన వైద్యుడు లేడు.

చెప్పవలసిన పాత జబ్బు

రామానుజన్ కన్నుమూసిన డెబ్బదినాలుగేండ్లకు, 1994లో, డాక్టరు డి. ఎ. బి. యంగ్ అనునాయన ఆ వ్యాధిని గూర్చిన పాత లేఖలను, ఆనాటి వైద్యుల అభిప్రాయములను మరల పరిశీలించి రాయల్ సొసైటీవారి పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. అది క్షయ కాదనియు, కాలేయమునకు ప్రాకిన అమీబా వ్యాధి యై యుండుననియు ఆయన వాదము. దానికి ఆధారములలో ఒకటి రామానుజన్ బాల్యయౌవనముల చరిత్రలోనే కలదు. 1906లో మదరాసు పచ్చయ్యప్ప కళాశాలలో చదువుచుండగా ఆయన జిగట విరేచనములతో బాధపడి కుంభకోణము చేరిరి. అమీబా పేగులలో ఏండ్ల తరబడి అణగియుండి, పిదప కాలేయములో చీముగడ్డగా బయటపడవచ్చును. విడిచి విడిచి వచ్చు జ్వరము, రాత్రి చెమటలు, శరీరము చిక్కిపోవుట, ఇవన్నియు చూచువారికి క్షయనే తలపించును.

ఇది ఊహయే కాని నేడు రుజువు చేయుటకు వీలైనది కాదు. అయినను దీనివెనుకనున్న మరియొక సంగతి మనస్సును కలచివేయును. అమీబా వ్యాధికి ఎమెటిన్ సూదిమందును లెనార్డ్ రోజర్స్ 1912లోనే కలకత్తాలో ప్రయోగించి మంచి ఫలితములు పొందెను. యంగ్ ఊహ నిజమైనచో రామానుజన్ ఓడ ఎక్కుటకు రెండేండ్లు ముందే ఆయన వ్యాధికి మందు ఆయన దేశములోనే సిద్ధముగా నుండెను!

ఇందులో ఇంగ్లండు వైద్యులను నిందించి ప్రయోజనము లేదు. వారికి ప్రతిదినము కనబడునది క్షయ. కన్ను అలవాటుపడినదానినే ముందు చూచును. అంతకంటె గమనింపదగిన విశేషము వేరొకటి కలదు. 1919లో స్వదేశమునకు వచ్చిన పిమ్మట మదరాసు వైద్యులు కూడ క్షయ యనియే చికిత్స చేసిరి. ఒకచోట రోగమునకు తగిలించిన పేరు సముద్రము దాటి రోగివెంట వచ్చెను. ఆ పేరును తుడిచి, కథను మొదటినుండి మరల అడిగినవారు లేకపోయిరి. 1920 ఏప్రిల్ 26వ తేదీన 32 ఏండ్ల వయస్సులో మదరాసులో ఆయన కన్నుమూసిరి.

దీనినిబట్టి తేలు సంగతి యొకటి కలదు. పరదేశములో వైద్యుని ఎదుట కూర్చున్న రోగి తన పుట్టిన ఊరిని కూడ వెంట తీసికొనిపోవలెను. "ఫలాని తేదీన భారతదేశమునుండి వచ్చితిని, చిన్ననాడు నాకు ఫలాని జబ్బు చేసినది, మా ఇంట ఒకరికి క్షయ యుండెను" అని అడుగకున్నను చెప్పవలెను. లండనులోగాని న్యూయార్కులోగాని జ్వరమనగానే అక్కడి వైద్యునికి మొదట ఫ్లూ తోచవచ్చును. మలేరియా, టైఫాయిడు, డెంగీ అతనికి తోచవలెనన్నచో రోగి ఎక్కడినుండి వచ్చెనో తెలియవలెను. మలేరియాలో ఒక జాతి కాలేయములో నెలల తరబడి దాగియుండి పిదప జ్వరమై తిరుగబెట్టును. కనుక ఊరు విడిచి ఆరు నెలలైనదని ఆ మాట దాచుట తగదు.

పాలు వలదన్న రోగి

రామానుజన్ చేరిన నాలుగు నెలలకు, 1914 ఆగస్టు 6వ తేదీన, మోహనదాస్ గాంధీ దక్షిణాఫ్రికానుండి అదే లండనులో దిగిరి. కొద్ది కాలమునకే ఆయనకు ప్లూరసీ, అనగా ఊపిరితిత్తులను కప్పియుండు పొరకు వాపు వచ్చెను. వైద్యము చేసినవాడు జీవరాజ్ మెహతా. 1960లో గుజరాతు రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యైనవాడు ఈయనయే.

రోగి కోరినదియు పాలే, వైద్యుడు చెప్పినదియు పాలే యని మన సామెత. ఇక్కడ సామెత తలక్రిందులయ్యెను. వైద్యుడు పాలు త్రాగుమనెను. రోగి ససేమిరా యనెను. గోఖలే అంతటివాడు చెప్పినను గాంధీ తన నియమము విడువలేదు. పిదప ఆయన ఆలిన్సన్ అను వైద్యుని పిలిపించుకొనిరి. శాకాహారవాది యైన ఈ ఆలిన్సన్ తన అభిప్రాయముల కారణముగ ఇంగ్లండు వైద్యుల పట్టికనుండి ఏనాడో తొలగింపబడినవాడు. పచ్చి కూరగాయలు తినుమనియు, కిటికీలు తెరచి యుంచుమనియు, కొంత నడువుమనియు ఆయన చెప్పెను. కొంత గుణము కనబడినది కాని వ్యాధి పూర్తిగ పోలేదు. డిసెంబరు చలి ముదిరెను. ఇండియా కార్యాలయములో ఉపకార్యదర్శి యైన రాబర్ట్స్ అనునాయన చూడవచ్చి, ఈ చలిలో ఇక్కడ నయము కాదు, మీ దేశము పొండని సలహా యిచ్చెను. గాంధీ డిసెంబరు 19న బయలుదేరి 1915 జనవరి 9న బొంబాయి చేరిరి.

ఒకే నగరము, ఒకే యుద్ధకాలము, ఇద్దరును శాకాహారులు. కాని ఇద్దరి స్థితికిని ఎంతో భేదము కలదు. గాంధీ 1888 నుండి 1891 వరకు అదే లండనులో చదివినవాడు. అక్కడి శాకాహార సంఘములో తిరిగినవాడు. ఆలిన్సన్ ఆయనకు పూర్వపరిచితుడు. జబ్బు రాకమునుపే ఆయనకు తలుపులు తెలియును. ఏ షరతులకు లోబడి చికిత్స పొందునో వైద్యులకు స్పష్టముగా చెప్పగలిగిరి. భార్య ప్రక్కన నుండెను. మిత్రులు వచ్చి పోవుచుండిరి. రామానుజన్‌కు ఈ బలములు లేవు. పైగా 1917 నాటికి జర్మను జలాంతర్గాములు సముద్రమార్గమును మృత్యుమార్గముగ మార్చియుండెను. కోరినను ఓడ ఎక్కుట సులభము కాదు.

అట్లని గాంధీ చేసినదంతయు అనుసరింపదగినదని కాదు. వైద్యుని మాట కాదని నియమము పాటించుట ఆయన బుద్ధిపూర్వకముగ ఎన్నుకొన్న కష్టము. దానికి మూల్యమేదో తెలిసియే చెల్లింప సిద్ధపడిరి. అది తెలియక పథ్యము తప్పువానికిని ఆయనకును పోలిక లేదు.

స్వదేశము మందు కాగలదా?

పరదేశములో మంచము పట్టిన ప్రతివానికిని "ఇంటికి పోయినచో నయమగును" అను ఆశ పుట్టును. గాంధీ విషయమున తిరిగివచ్చుట మేలు చేసెను. కాని మూడవ కథ వినవలెను.

ఆనందీబాయి జోషీ 1883లో, పదునెనిమిదవ ఏట, కలకత్తానుండి ఓడలో అమెరికా పోయి ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరెను. 1886 మార్చిలో ఎం. డి. పట్టము పొందెను. వైద్యవిద్య నేర్చుచున్న కాలముననే ఆమె ఆరోగ్యము చెడెను, క్షయ పట్టుకొనెను. కొల్హాపూరులోని ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో స్త్రీల విభాగము ఆమెకొరకు ఎదురుచూచుచుండగా 1886 చివర స్వదేశము చేరెను. ఆ పదవి నిర్వహించు యోగము ఆమెకు లేకపోయెను. 1887 ఫిబ్రవరి 26న పూనాలో మరణించెను, ఇరువదిరెండేండ్లు నిండలేదు.

ఆమె స్వయముగ వైద్యురాలు. చదివినది పేరుగన్న కళాశాలలో. తిరిగివచ్చినది తనవారి నడుమకు. అయినను ఫలింపలేదు. ఏలనన క్షయక్రిమిని కాక్ పండితుడు కనుగొన్నది 1882లో. దానిపై పనిచేయు స్ట్రెప్టోమైసిన్ వెలువడినది 1943లో. ఈ మధ్యకాలమున ఫిలడెల్ఫియాలోను, పూనాలోను క్షయకు మందు లేదు. మందు లేని జబ్బుకు దేశము మారినను మందు రాదు. ఉన్న జబ్బుకు సమయమునకు మందు పడనిచో ప్రయాణమే ప్రమాదమగును.

కనుక తిరిగివచ్చుట ఎప్పుడు తగును? చికిత్స దీర్ఘకాలము సాగునదై, రోగి ప్రయాణమునకు తగినవాడని వైద్యుడు చెప్పి, ఇక్కడ చేర్చుకొను వైద్యుడు ముందే సిద్ధముగ నున్నప్పుడు తగును. గుండెపోటు వచ్చిన మరునాడు, ఊపిరితిత్తి ముడుచుకొనియున్నప్పుడు, కారణము తెలియని జ్వరము మండుచున్నప్పుడు విమానమెక్కుట తగదు. ఎత్తున పోవు విమానములో గాలి ఒత్తిడి తగ్గును. గంటల తరబడి కదలక కూర్చున్నచో కాలి నరములలో రక్తము గడ్డకట్టు ప్రమాదము కలదు. అందుచేతనే తీవ్రమైన జబ్బు పడినవారిని విమానసంస్థలు వైద్యుని పత్రము అడుగుచుండును.

నేటి తలుపులు

నేడు కాలము మారినది. మందులు పెరిగినవి, కాని తలుపులు దేశమున కొక తీరుగ నున్నవి. మన అలవాటునే అక్కడ కూడ నమ్ముకొనుటవలన చిక్కులు వచ్చుచున్నవి.

బ్రిటనులో 1948 జులై 5న జాతీయ ఆరోగ్యసేవ ఏర్పడెను. అక్కడ మొదటి తలుపు పెద్ద ఆసుపత్రి కాదు, పేటలోని 'జి.పి.' అను కుటుంబ వైద్యుడు. ఆయన పంపనిదే నిపుణుని చూచుట సామాన్యముగ కుదరదు. మన పట్టణములలో వలె గుండె డాక్టరును, ఎముకల డాక్టరును రోగియే ఎన్నుకొని నేరుగ పోవు పద్ధతి ఆ సేవలో లేదు. కాబట్టి చేరిన వారములోనే ఒక జి.పి. వద్ద పేరు నమోదు చేయించుకొనుట వివేకము. ఆరు నెలలకు మించిన చదువుకై పోవువారు 2015 నుండి వీసా కోరునప్పుడే ఆరోగ్యసేవకు ప్రత్యేక రుసుము చెల్లించుచున్నారు. చెల్లించియు పేరు నమోదు చేసికొనక, జబ్బు పడినప్పుడు స్వదేశమునుండి తెచ్చుకొన్న మాత్రలు మ్రింగి పడుకొనుట కొన్న టిక్కెట్టు జేబులో నుంచుకొని నడచిపోవుట వంటిది. ఏమి చేయవలెనో తోచనప్పుడు 111 సంఖ్యకును, ప్రాణాపాయమున 999 సంఖ్యకును ఫోను చేయవచ్చును.

అమెరికాలో తాళపుచెవి బీమా. విద్యార్థికి మొదటి తలుపు విశ్వవిద్యాలయపు ఆరోగ్యకేంద్రము. చిన్న గాయములకు, సామాన్య జ్వరములకు 'అర్జెంట్ కేర్' అను చికిత్సాలయములు కలవు. ప్రాణము మీదికి వచ్చినప్పుడు 'ఎమర్జెన్సీ రూము'. పిలువవలసిన సంఖ్య 911. 1986 నాటి చట్టము ప్రకారము, వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్యబీమాలో పాల్గొను ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగములు వచ్చినవానిని డబ్బు ప్రసక్తి లేక పరీక్షించి, ప్రమాదస్థితిలో నున్నచో కుదుటపరుపవలెను. అయితే ఆ చట్టము బిల్లును రద్దు చేయదు. పడిశమునకు ఎమర్జెన్సీకి పోయినవాడు బిల్లు చూచి బెదరును. ఆ బెదురు కథ విన్న మరియొకడు గుండెనొప్పితో ఇంటనే కూర్చుండును. ఈ రెండవ తప్పు దిద్దుకొనరానిది. బీమా సంస్థతో ఒప్పందమున్న చికిత్సాలయములు తమ పేటలో ఏవో ఆరోగ్యముగా నున్ననాడే చూచి వ్రాసికొనవలెను.

గల్ఫు దేశములకు కరీంనగరు, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములనుండియు, కడప, కోనసీమలనుండియు వేలమంది పనికై పోవుచున్నారు. వారిలో చాలమంది చదువు తక్కువవారు. అబూధాబీ, దుబాయి, సౌదీ అరేబియాలలో యజమాని ఉద్యోగికి ఆరోగ్యబీమా చేయించవలెనని చట్టములు కలవు. ఆ కార్డు యజమాని దగ్గర కాక కార్మికుని జేబులో నుండవలెను. అంబులెన్సుకు సౌదీలో 997, అరబ్బు ఎమిరేట్లలో 998, కువైటులో 112. దిక్కులేని స్థితిలో పడిన భారతీయులకు అత్యవసర వైద్యమునకు తోడ్పడుటకై మన రాయబార కార్యాలయములలో 2009 నుండి సంక్షేమనిధి యొకటి కలదు. ఈ మాట తెలియక చందాలు పోగుచేయుటకు తిరుగువారు ఎందరో! మరియొక హెచ్చరిక: ట్రమడాల్, కొడీన్ వంటి నొప్పిమందులను ముందుగ అనుమతి లేక ఎమిరేట్లకు తీసికొనిపోవుట నేరము.

నొప్పికి మాట

తలుపు దొరికిన తరువాత మాట దొరకవలెను. "వేడి చేసినది" అను తెలుగు మాటను ఇంగ్లీషులో నెట్లు చెప్పుట? అది జ్వరము కాదు. నోటిపూత కావచ్చును, మూత్రమున మంట కావచ్చును, కండ్లమంట కావచ్చును. "నరాల బలహీనత" యన్నచో అక్కడి వైద్యుడు నరముల నిపుణుని కడకు పంపగలడు. అన్నింటికంటె ప్రమాదమైన మాట "గ్యాస్ పట్టినది" అనునది. రొమ్ము బిగిసి చెమటలు పట్టినను పెద్దలు ఆ మాటతోనే సరిపెట్టుకొందురు. కొడుకు దానినే తర్జుమా చేసి చెప్పును. గుండెపోటు అజీర్ణమై కూర్చుండును.

కనుక జబ్బు పేరు చెప్పక బాధను చెప్పవలెను. ఎక్కడ, ఎప్పటినుండి, ఎంత, దేనివలన హెచ్చును, దేనివలన తగ్గును అను ఈ ఐదు ప్రశ్నలకు చిన్న చిన్న మాటలలో జవాబు చాలును. భాష రానివారు సిగ్గుపడనక్కరలేదు. బ్రిటను ఆరోగ్యసేవలోను, ప్రభుత్వధనము పొందు అమెరికా ఆసుపత్రులలోను దుబాసీని ఉచితముగ కోరవచ్చును. ఇంటిలోని పదేండ్ల పిల్లను దుబాసీగ నిలుపుట మంచిది కాదు. తల్లి తన బాధలో సగము ఆ పిల్ల ఎదుట చెప్పలేదు.

మందుల పేర్లును అంతే. క్రోసిన్, డోలో యన్నచో అక్కడివారికి తెలియదు. పారాసిటమాల్ అనినచో ఇంగ్లండులో తెలియును. అమెరికాలో అదే మందు అసిటమినోఫెన్. వాడుచున్న మందుల అసలు పేర్లు వైద్యుని చీటిలో వ్రాయించుకొనుట ప్రయాణమునకు ముందు చేయవలసిన పని.

ఇవన్నియు ఆలోచనకు వ్యవధి యున్నప్పటి మాటలు. వ్యవధి లేని వేళలు వేరు. రొమ్ములో బిగువు చేతికిగాని దవడకుగాని ప్రాకినను, ముఖము ఒక ప్రక్కకు జారినను, చేయి పడిపోయినను, మాట తడబడినను, ఊపిరి ఆడకున్నను, జ్వరముతో మెడ బిగిసినను, స్పృహ తప్పినను, రక్తము ఆగకున్నను ఎవరినీ సలహా అడుగక అత్యవసర సంఖ్యకు ఫోను చేయవలెను. పక్షవాతములో రక్తపుగడ్డను కరగించు మందు నాలుగున్నర గంటలలోపల పడవలెను. హైదరాబాదుకు ఫోను చేసి మేనమామను నిద్రలేపి అభిప్రాయము అడుగుటలో అందులో ఒక గంట పోవచ్చును.

బడిలో చెప్పదగిన పాఠము

2005లో హైదరాబాదున మొదలైన నాటినుండి 108 అను సంఖ్య మన పిల్లలకు నోటికి వచ్చినది. దేశము మారినచో ఆ సంఖ్య మారునని కూడ చెప్పవలెను. ఐరోపా సమాఖ్య దేశములన్నింటిలో అది 112. భూగోళపాఠములో రాజధానులతోపాటు ఈ సంఖ్యలు నేర్పుటకు పది నిమిషములు చాలును.

ఇంగ్లీషు ఉపాధ్యాయులు వారమునకొక దినము పిల్లలచేత బాధను వర్ణింపజేయవచ్చును. ఒకడు రోగి, ఒకడు వైద్యుడు; వైద్యుడైనవాడు పైన చెప్పిన ఐదు ప్రశ్నలు అడుగవలెను. తరగతిలో నవ్వులు పుట్టును గాక. మాట మాత్రము నాలుకమీద నిలుచును. పై తరగతులవారిచేత ఒక కాగితముపై తమ ఆరోగ్యచరిత్ర వ్రాయింపవచ్చును: రక్తపు వర్గము, పడని మందులు, చిన్ననాటినుండి వచ్చిన పెద్ద జబ్బులు వాటి సంవత్సరములతో, జరిగిన శస్త్రచికిత్సలు, ఇంటిలో తరతరములుగ నున్న వ్యాధులు, ఇప్పుడు వాడుచున్న మందుల అసలు పేర్లు. చాలమంది పిల్లలు ఇందులో సగమునకు జవాబు తెలియక ఇంటికి పోయి తల్లిని, నాయనమ్మను అడిగి రావలసి యుండును. అట్లు అడిగి తెచ్చుటయే ఆ పాఠములో ముఖ్యభాగము. ఏలనన ఆ సంగతులు తెలిసినవారు ఇంటిలో నున్నారు. ఏనాడైన ఆ బిడ్డ మంచము పట్టు ఊరిలో వారుండరు.

1906 నాటి విరేచనములను గూర్చిన ఒక్క పంక్తి అట్టి కాగితముపై నుండి, కేంబ్రిడ్జినుండి పుట్నీవరకు ఐదు చోట్లను అది రామానుజన్ వెంట పోయి యుండినచో, ఏ ఒక్క వైద్యుడైనను దానిపై వ్రేలుంచి మరల ప్రశ్నించి యుండెడివాడేమో. జరిగినదానిని మార్చలేము. కాని నేడు మన బడులనుండి విదేశములకు పోవు ప్రతి విద్యార్థి పెట్టెలోను ఆ కాగితము పెట్టి పంపుట మన చేతిలోనే యున్నది.